మిర్చి ముక్కుకు అందని పెట్రోలు వాసన: ఒక బోటు కేసు

గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ నడిపే ఒకాయన ఆదివారాలు ఇంటిల్లిపాదీ కృష్ణలో తిరగడానికి ఒక బోటు పెట్టుకున్నారు. ప్రకాశం బ్యారేజీకి ఎగువన, సీతానగరం వైపు ఒడ్డున కట్టి ఉంటుంది. 2025 ఏప్రిల్ చివరి వారంలో నాకు ఫోన్ చేశారు.

“నాకైతే ఏ వాసనా లేదండీ. మా అమ్మాయి మాత్రం ఎక్కిన దగ్గర్నుంచి పెట్రోలు కంపు, కడుపులో తిప్పుతోంది అని ఒకటే గోల. మీరొకసారి చూసి, ఏమీ లేదమ్మా అని దానికి చెప్పేస్తే సరిపోతుంది.”

పాతికేళ్లు మిర్చి టిక్కీల (బస్తాల) మధ్య కూర్చున్న మనిషి ముక్కుని నేను లెక్కలోకి తీసుకోలేదు. పద్నాలుగేళ్ల పిల్ల ముక్కుని తీసుకున్నాను. నేను ఆటోనగర్‌లో కార్ల ఫ్యూయల్ ఇంజెక్షన్ పని చేసి, పదకొండేళ్ల కిందట బోటు ఇంజన్ల వైపు మళ్లినవాణ్ణి. కారులో పెట్రోలు కారితే రోడ్డు మీద పడి గాలికి పోతుంది. బోటు అడుగు గిన్నె లాంటిది. ఏది కారినా అందులోనే కూర్చుంటుంది.

బోటు వివరాలు ముందే చెప్తాను, తర్వాత కావాలి. 18 అడుగుల ఫైబర్ బోటు, 2012లో తయారైంది. వెనక 90 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఓబీఎం, అంటే బోటు వెనక బయట తగిలించే ఇంజన్. పెట్రోలు ట్యాంకు డెక్ కింద, అల్యూమినియంది, 110 లీటర్లు పడుతుంది. పెట్రోలు పోసే మూత కుడి అంచు మీద ఉంటుంది. అక్కడి నుంచి చెయ్యి పట్టేంత లావు హోసు ఒకటి పక్క ప్యానెల్ వెనకగా దిగి ట్యాంకు నెక్‌కి కలుస్తుంది. ట్యాంకు ఊపిరి తీసుకోవడానికి సన్నటి వెంట్ పైపు ఒకటి, అది బయట బోటు పక్కన తెరుచుకుంటుంది. ట్యాంకు మీద పెట్రోలు ఎంతుందో చూపే గేజ్ ఫ్లోట్ ఒకటి, ఐదు స్క్రూలతో. ఇంజన్‌కి పోయే లైన్ వెనక గూట్లో ఫిల్టర్ దాటి, చేత్తో నొక్కి పెట్రోలు ఎక్కించే రబ్బరు బల్బు దాటి పోతుంది. అదే గూట్లో బ్యాటరీ, అడుగున చేరిన నీళ్లు తోడే ఆటోమేటిక్ పంపు. ఈ చివరి రెండూ పెట్రోలు ఫిల్టర్‌తో ఒకే గూట్లో ఉండటమే నాకు టెన్షన్.

ఎందుకు టెన్షనో చెప్తాను. పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, అడుగున పరుచుకుంటుంది. గాలిలో దాని పాలు 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్యలో ఉంటే ఒక్క రవ్వ చాలు. సున్నాకి 40 డిగ్రీలు దిగువన కూడా అంటుకునేంత ఆవిరి వదిలే సరుకు ఇది, మన విజయవాడ ఎండలో ఇక చెప్పేదేముంది. ఒక చిన్న లెక్క చూడండి. బడ్డీ కొట్టు చిన్న టీ గ్లాసుడు, అంటే 50 మిల్లీలీటర్ల పెట్రోలు పూర్తిగా ఆవిరైతే సుమారు తొమ్మిది, పది లీటర్ల ఆవిరి వస్తుంది. అర ఘనపు మీటరుకి పైగా గాలిని అంటుకునే స్థాయికి తేవడానికి అది సరిపోతుంది. ఈ బోటు డెక్ కింద ఉన్న ఖాళీ మొత్తం కలిపినా అంతకంటే పెద్ద ఎక్కువేం ఉండదు. అడుగున నీళ్లు చేరి ఆటోమేటిక్ పంపు స్విచ్చి దానంతటదే టక్కుమనడానికి మనిషి కూడా అక్కడ ఉండక్కర్లేదు.

నాకంటే ముందు ఒక మెకానిక్ చూశాడు. వాసన స్టీరింగ్ దగ్గర ఎక్కువగా ఉందని అమ్మాయి చెప్పిందట. అతను స్టీరింగ్ కింద అంతా వెతికి, ఏమీ దొరక్క, చివరికి వెనక రబ్బరు బల్బు మార్చి వెళ్లాడు. అతన్ని తప్పు పట్టను, పిల్ల చెప్పింది నిజమే. వెనక గూటి నుంచి స్టీరింగ్ దాకా కేబుళ్లు పోయే లావుపాటి గొట్టం ఒకటి ఉంటుంది. వెనక చేరిన ఆవిరికి అది సొరంగం. దానికి తోడు బోటు ముందుకు పోతున్నప్పుడు వెనక గాలి సుడి తిరిగి మళ్లీ బోటులోకే వస్తుంది. దాంతో వెనక పుట్టిన వాసన ముందు కూర్చున్న వాళ్ల ముక్కుకి తగులుతుంది. అందుకే బోటులో వాసన ఎక్కడ వస్తోందో అడిగి ఆ చోటుకి పరిగెత్తడం నేను మానేశాను. ఎప్పుడు వస్తోంది అని అడుగుతాను. ఈ కేసులో ఆ ప్రశ్న అడిగాను కానీ జవాబు సరిగ్గా వినలేదు. ఆ సంగతి ముందుంది.

మొదటి రోజు

బోటుని ట్రాలీ మీద ఒడ్డుకి లాగించి, చెట్టు నీడలో పెట్టించాను. షెడ్డులోకి తీసుకెళ్లలేదు. పెట్రోలు వాసన ఉన్న బోటుని నాలుగు గోడల మధ్య పెట్టకూడదు. మూతలన్నీ తెరిచి గంటసేపు గాలి ఆడనిచ్చాను. చాలామంది రాగానే బ్యాటరీ వైరు పీకుతారు. వైరు తీసేటప్పుడే కదా రవ్వ వచ్చేది! ముందు గాలి, తర్వాత మీటరు, మీటరు సున్నా చూపించాకే బ్యాటరీ. ఇంకొకటి, మెయిన్ స్విచ్ కట్టేశాం కదా అనుకోకూడదు. నీళ్లు తోడే పంపు ఎప్పుడూ పని చెయ్యాలని దానికి బ్యాటరీ నుంచి నేరుగా వైరు ఇస్తారు. మెయిన్ స్విచ్ దాన్ని ఆపదు.

నా దగ్గరున్నది చేత్తో పట్టుకునే గ్యాస్ మీటరు. అంటుకునే స్థాయిని నూరు అనుకుంటే, అందులో ఎన్నో వంతుకి వచ్చామో చూపిస్తుంది. పది దాటితే నేను చెయ్యి పెట్టను. దీనితో ఒక చిక్కుంది. సిలికాన్ తగిలితే లోపలి సెన్సార్ చచ్చిపోతుంది, అయినా మీటరు మాత్రం బుద్ధిమంతుడిలా సున్నా చూపిస్తూ కూర్చుంటుంది. ఈ బోటు సీట్లు తళతళా మెరుస్తున్నాయి. బోటు నడిపే సరంగుని అడిగితే ప్రతి శనివారం సిలికాన్ పాలిష్ స్ప్రే కొడతానని చెప్పాడు. మీటరుని సీట్లకి దూరంగా ఉంచి, పనికి ముందొకసారి, తర్వాతొకసారి టెస్ట్ గ్యాస్ పట్టి చూసుకున్నాను.

మూతలు తెరవగానే వెనక గూట్లో 14 చూపించింది. గాలి ఆడాక సున్నా. అంటే అమ్మాయి చెప్పింది నిజం. ఆయనకి ఫోన్ చేసి చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే దాని ముక్కు మంచిదే అన్నమాట” అన్నారు.

గూట్లో ఐదు లీటర్ల పెట్రోలు డబ్బా ఒకటి దొరికింది, మూత సగమే బిగించి ఉంది. బోటు పెట్రోలు వాసన కేసుల్లో సగం అక్కడే ముగిసిపోతాయి. ఇది ముగియలేదు. డబ్బా తీసి బయట పెట్టి, గంట తర్వాత మూతలు వేసి, మళ్లీ రెండు గంటలకి చూస్తే 6.

ఇంజన్ వైపు లైన్ మీద నాకు అనుమానం తక్కువ. ఓబీఎంలో పెట్రోలుని ఇంజనే ట్యాంకు నుంచి పీల్చుకుంటుంది. నడుస్తున్నప్పుడు ఆ లైన్‌లో చిన్న చిల్లు ఉంటే పెట్రోలు బయటికి కారదు, బయటి గాలే లోపలికి పోయి ఇంజన్ ఎక్కిళ్లు పెడుతుంది. ఈ ఇంజన్ శుభ్రంగా నడుస్తోంది. బల్బు గట్టిగా నొక్కిపట్టి, జాయింట్లన్నీ పొడి గుడ్డతో తుడిచి చూశాను, తడి లేదు. కాబట్టి ట్యాంకు.

పెట్రోలు అంతా చేతి పంపుతో ఇనప డబ్బాల్లోకి తోడేసి, ట్యాంకుకి గాలి పరీక్ష పెట్టాను. ఇలాంటి ట్యాంకుని 3 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాటి నొక్కకూడదు. కంప్రెసర్ తగిలిస్తే ట్యాంకు ఉబ్బి పనికిరాకుండా పోతుంది. నేను ఒక్క పీఎస్ఐతోనే చేస్తాను, సైకిల్ పంపుతో. గేజ్ కూడా వాడను. తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే లెవెల్ ట్యూబులో నీళ్లు పోసి, యు ఆకారంలో వంచి కడతాను. ఒక పీఎస్ఐకి రెండు వైపులా నీటి తేడా 70 సెంటీమీటర్లు. ఒక సెంటీమీటరు దిగినా కంటికి కనిపిస్తుంది, అంత సున్నితమైన గేజ్ కొనాలంటే బోలెడు డబ్బు. ఈ పరీక్ష తెల్లవారకముందే చెయ్యాలి. ట్యాంకులో గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే నీళ్లు మూడు సెంటీమీటర్లకు పైగా లేస్తాయి. ఎండలో చేస్తే లీకు ఒకవైపు దించుతుంది, ఎండ ఇంకోవైపు ఎక్కిస్తుంది, రెండూ కలిసి మనకి ఏమీ లేదని చెప్తాయి.

మర్నాడు పొద్దున్నే నాలుగున్నరకి మొదలుపెట్టాను. హోసులు విప్పి, ట్యాంకు నెక్‌కి రబ్బరు బిరడా బిగించి, వెంట్ మూసి, ఇంజన్ లైన్ మూసి గాలి ఎక్కించాను. పది నిమిషాల్లో 70 నుంచి 41కి పడింది. సబ్బు నురగ రాస్తే గేజ్ ఫ్లోట్ చుట్టూ బుడగలు. విప్పి చూస్తే కింద బెండు గాస్కెట్, ఎండిన అప్పడంలా విరిగింది. ఐదు స్క్రూల్లో ఒకదాని మర అరిగిపోయింది. మర మళ్లీ తీసి, పెట్రోలుకి తట్టుకునే నైట్రైల్ గాస్కెట్ వేశాను. మళ్లీ 70కి ఎక్కించి అరగంట చూస్తే నీళ్లు కదల్లేదు.

నాకెంత సంతోషం వేసిందంటే, హోసులు తగిలించి, క్లాంపులు బిగించి, టార్చి వేసి ఒకసారి చూసి, బోటు అప్పగించేశాను. మే 4 ఆదివారం అమ్మాయి బోటెక్కింది. వాసన లేదంది. ఆయన స్వీటు బాక్సు పంపించారు.

మే 11 ఆదివారం పొద్దున ఏడింటికి ఫోన్. “మీరు చేసిన రిపేరు వారమే పనిచేసిందండీ.”

సరంగు నోటుపుస్తకం

స్వీటు తిన్నాక వచ్చే ఫోన్ కాస్త గట్టిగానే తగులుతుంది. వెళ్లి కూర్చున్నాను. సరంగు అరవై దాటిన మనిషి, కృష్ణ మీదే పుట్టి పెరిగినవాడు. పెట్రోలు లెక్క ఓనరుకి చూపించడానికి చిన్న నోటుపుస్తకంలో తేదీ, పోసిన లీటర్లు రాసుకుంటాడు.

“బాబాయ్, ఆ పుస్తకం ఒకసారి ఇస్తావా?”

“దాంట్లో ఏముంటాది మేస్త్రీ, పెట్రోలు లెక్కే.”

అమ్మాయి వాళ్ల నాన్నకి వాట్సాప్‌లో పెట్టిన ఫిర్యాదుల తేదీలు ఒక కాగితం మీద రాశాను. పక్కన నోటుపుస్తకంలోని లీటర్లు రాశాను. ఫిర్యాదు ఉన్న ప్రతి ఆదివారానికీ ముందు శనివారం సాయంత్రం ట్యాంకు నిండా పోశారు. ఇరవై, ముప్పై లీటర్లు పోసి సరిపెట్టుకున్న వారాల్లో ఫిర్యాదు లేదు. మే 4న ట్యాంకు సగానికి కొంచెం పైనే ఉంది. మే 10 సాయంత్రం నింపారు. అంటే మే 4న వాసన రాకపోవడానికి నా గాస్కెట్టే కారణమని చెప్పలేను. ఆ రోజు నేను ఏమీ చెయ్యకపోయినా వచ్చేది కాదేమో. గాస్కెట్ తప్పు నిజమే, అయితే ఒక తప్పు దొరకగానే కేసు మూసేశాను.

నిండా అంటే ఎంత నిండా అని అడిగాను. ఏటి ఒడ్డున బంకు లేదు కదా, డబ్బాల్లో తెచ్చి గరాటా పెట్టి పోస్తారు. బంకులో తుపాకీ అయితే నిండగానే దానంతటదే ఆగుతుంది. డబ్బాకి ఆ తెలివి లేదు. “పైన మూతికాడ పెట్రోలు కనపడేదాకా పోత్తాం మేస్త్రీ,” అన్నాడు సరంగు. మూతి దగ్గర కనపడిందంటే ట్యాంకు ఒక్కటే నిండినట్టు కాదు. మూత నుంచి ట్యాంకు దాకా ఉన్న హోసంతా కూడా రాత్రంతా పెట్రోలులో నానుతున్నట్టు. ఆదివారం పొద్దున తిరిగితే పదిహేను, ఇరవై లీటర్లు ఖర్చవుతాయి. హోసు ఖాళీ అవుతుంది. అమ్మాయి ఇంకో మాట కూడా మొదటి రోజే చెప్పింది: ఎక్కేటప్పుడు ఎక్కువ, దిగేటప్పుడు తక్కువ. నేను విన్నాను, కానీ గాలికి పోతోంది కాబోలు అనుకున్నాను.

మరి నా గాలి పరీక్షలో హోసు ఎందుకు దొరకలేదు? బిరడా ట్యాంకు నెక్ దగ్గర బిగించాను. అంటే హోసుని పరీక్షలో కలపనేలేదు. ట్యాంకుని పరీక్షించి, బోటుకి సర్టిఫికెట్ ఇచ్చాను.

ఈసారి హోసులు తగిలించే ఉంచి, పై మూతకీ బయటి వెంట్‌కీ బిరడాలు పెట్టాను. మళ్లీ తెల్లవారుజామున, మళ్లీ 70 సెంటీమీటర్లు. ముప్పావు గంట కూర్చున్నాను. నీళ్లు అర సెంటీమీటరు కూడా దిగలేదు.

అప్పుడు నిజంగా తల పట్టుకున్నాను. పక్కనున్న కుర్రాడు, “అన్నా, అమ్మాయిగారికి ఊరికే అనిపిస్తోందేమో” అన్నాడు. మీటరులో 14 చూసిన వాడే ఆ మాట అన్నాడు, అంత విసుగొచ్చింది ఇద్దరికీ.

సీతానగరం ఒడ్డున టీ తాగుతుంటే తట్టింది. గాలి పరీక్ష చిల్లుని పట్టుకుంటుంది. చెమటని పట్టుకోదు. కొత్త కుండలో నీళ్లు పోస్తే ఎక్కడా చిల్లు ఉండదు, అయినా బయట తడి ఊరుతుంది. రబ్బరు కూడా అంతే. పెట్రోలు రబ్బరు గోడలోకి ఇంకి, అవతలి వైపు ఆవిరై పోతుంది. మంచి బోటు హోసు కూడా కొంచెం వదులుతుంది. అందుకే దానికో హద్దు పెట్టారు. ఎ1-15 అని ముద్ర ఉన్న హోసు గోడ చదరపు మీటరుకి రోజుకి 15 గ్రాములు దాటి వదలకూడదు. పాత ఎ1 రకానికి 100 గ్రాములు. పెట్రోలులో ఇథనాల్ కలిస్తే పాత రబ్బర్లు ఇంకా ఎక్కువ వదులుతాయి. మన బంకుల్లో ఇప్పుడు దొరుకుతున్నది ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలే.

ఏడు కవర్లు

చెమట పట్టుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది, ఖర్చు లేనిది. ట్యాంకు వాళ్లు పోసినట్టే మూతి దాకా నింపించాను. పక్క ప్యానెల్‌కి ఆరంగుళాల గుండ్రటి మూత కోయించి హోసు దాకా చెయ్యి పోయేలా చేశాను. ఆ కోత గాలి ఆడించి, మీటరు చూసుకుంటూ, చేతి రంపంతోనే. ఉతికిన తెల్ల గుడ్డ పీలికలు ఏడు చోట్ల చుట్టి, పైన వంటింటి అల్యూమినియం రేకు గట్టిగా చుట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున విప్పి ఒక్కో పీలిక ఒక్కో జిప్ కవరులో వేసి అంకె రాశాను. ఒకటి గేజ్ ఫ్లోట్, రెండు ఇంజన్ లైన్ మొదలు, మూడు లావు హోసు ట్యాంకు వైపు క్లాంపు, నాలుగు అదే హోసు మధ్య భాగం, ఐదు పైమూత వైపు క్లాంపు, ఆరు వెంట్ పైపు, ఏడు ఫిల్టర్ తర్వాతి లైన్.

వాసన చూడటానికి నేను పనికిరాను. పెట్రోలు దగ్గర పది నిమిషాలుంటే ముక్కు మొద్దుబారుతుంది, నేను తెల్లవారుజాము నుంచి అక్కడే ఉన్నాను. కుర్రాడూ అంతే. ఓనరు గారి ముక్కు సంగతి తెలిసిందే. అమ్మాయిని రమ్మన్నాం. బోటుకి యాభై గజాల దూరంలో, గాలి వచ్చే వైపున కుర్చీ వేసి, కవర్లు కలిపేసి ఇచ్చాను. ఏ అంకె ఏ చోటో తనకి తెలియదు. కవరు తెరిచి చేత్తో విసురుకుని చూడమన్నాను, ముక్కు లోపల పెట్టొద్దన్నాను.

నాలుగో అంకె తెరవగానే మొహం తిప్పేసుకుంది. “ఇదే అంకుల్. బోటులో వచ్చేది ఇదే.” మూడు, ఐదు కొంచెం అంది. ఆరు చాలా కొంచెం. మిగతావి ఏమీ లేవంది. ఒకటో అంకె, అంటే నా గాస్కెట్, ఏమీ లేవన్న వాటిలో ఉందని తెలిసినప్పుడు కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

క్లాంపుల దగ్గర కంటే మధ్యలో ఎక్కువ ఉంది, అసలు విషయం అదే. జాయింటు వదులైతే మూడు గానీ ఐదు గానీ ముందుండాలి. మధ్యలో జాయింటు లేదు, హోసు గోడ తప్ప ఏమీ లేదు. అంటే గోడే వదులుతోంది.

పెట్రోలు తోడించి హోసు ఊడదీశాను. బయట నల్లగా, నున్నగా, కొత్తదానిలా ఉంది. అందుకే టార్చి వేసి చూసినప్పుడు నాకు అనుమానం రాలేదు. నొక్కితే మాత్రం నానిన మినపప్పులా మెత్తగా ఉంది. క్లాంపు కింద 46 మిల్లీమీటర్లున్న లావు మధ్యలో 52. గోరు పెడితే గుంట పడుతోంది. బోటు గోడ వైపు తిరిగి ఉన్న ముద్ర అప్పుడు కనిపించింది. అది కూలెంట్ హోసు. లారీ రేడియేటర్‌కి వేసేది.

రేడియేటర్ హోసు చేసే రబ్బరు పేరు ఈపీడీఎం. వేడి నీళ్లకీ, కూలెంట్‌కీ, ఎండకీ ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. పెట్రోలు, ఆయిల్ తగిలితే మాత్రం స్పాంజిలా పీల్చుకుని ఉబ్బుతుంది. అలాంటిది పెట్రోలు పోసే దారిలో ఎలా వచ్చిందో సరంగు చెప్పాడు. 2024 సెప్టెంబరు మొదట్లో వరద వచ్చినప్పుడు, బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైన ఆ రోజుల్లో, ఏట్లో కట్టిన బోట్లు తెగి కొట్టుకుపోయి బ్యారేజీ గేట్లకి తగిలాయి. ఈ బోటుని అంతకు ముందే హడావుడిగా క్రేన్‌తో పైకి లాగారు. తాడు ఒరుసుకుని కుడి పక్క నొక్కుకుపోయి ఈ హోసు చిరిగింది. తర్వాత ఎవరో కుర్రాడు వచ్చి, కొలత తీసుకెళ్లి, ఆటోనగర్‌లో అదే సైజు హోసు తెచ్చి వేశాడు. క్లాంపులు మాత్రం మంచివి వేశాడు, రెండు చివరలా రెండేసి, స్టీలువి. పనితనం తెలిసినవాడే, రబ్బరు తెలియదు. కౌంటరు మీద పక్కపక్కన పెడితే రెండు హోసులూ కవల పిల్లల్లా ఉంటాయి.

హోసు తీశాక ఇంకొకటి బయటపడింది, ఇది నన్ను వాసన కంటే ఎక్కువ భయపెట్టింది. పై మూత చట్రం నుంచి ట్యాంకుకి ఒక ఎర్త్ వైరు ఉండాలి. పెట్రోలు పారేటప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు ఆ వైరు గుండా పోతుంది. హోసు మార్చినప్పుడు దాన్ని కత్తిరించి, చివరలు మళ్లీ కలపలేదు. ఎనిమిది నెలలుగా ప్లాస్టిక్ డబ్బాలతో, ప్లాస్టిక్ గరాటాతో, ఎర్త్ లేని మూతలో పెట్రోలు పోస్తున్నారు. సరంగుకి వివరించి చెప్తే, బీడీ తాగే అలవాటు రెండేళ్ల కిందటే మానేశానని తనంతట తనే చెప్పాడు.

వేసినవి, మార్చినవి

ఎ1-15 ముద్ర ఉన్న 38 మిల్లీమీటర్ల హోసు విజయవాడలో దొరకలేదు. కొచ్చి నుంచి రావడానికి ఐదు రోజులు పట్టింది. ఎక్కడా జోలెలా వేలాడకుండా, పైనుంచి ట్యాంకు దాకా ఒకే వాలుగా వేశాను. ముద్ర బయటికి కనపడేలా తిప్పాను, రేపు ఇంకొకడు చూసినప్పుడు అద్దం పెట్టి వెతుక్కోనక్కర్లేదు. ఎర్త్ వైరు కొత్తది వేసి కొలిస్తే 0.3 ఓమ్. ఒక ఓమ్ లోపు ఉంటే చాలు.

అమ్మాయి చాలా కొంచెం అన్న ఆరో అంకె, వెంట్ పైపు, చిన్న గొడవే. అది నేరుగా బయటికి పోతోంది, మధ్యలో పైకి ఒక మెలిక లేదు. మూతి దాకా నింపిన 110 లీటర్లు సాయంత్రం నుంచి మర్నాటి ఎండకి పన్నెండు డిగ్రీలు వేడెక్కితే లీటరుంబావు దాకా పెరుగుతుంది. అది పోవడానికి వెంట్ ఒక్కటే దారి. బోటు పక్కన పసుపు చార ఉంది, నేను మొదటి రోజు చూసి బురద మరక అనుకున్నాను. వెంట్ పైపు కూడా మార్చి, పైకి మెలిక తిప్పి కట్టాను. మూత పక్కన 95 లీటర్లు దాటొద్దని స్టిక్కరు వేశాను. 2012 నాటి ఇంజన్ లైన్ కూడా మార్చమంటే ఆయన ఒప్పుకున్నారు.

బోటు అడుగున తేలడానికి పెట్టే ఫోమ్ ఉంటుంది. హోసు కింద ఉన్న రెండు ముక్కలు పెట్రోలు పీల్చి ఉన్నాయి. వాటిని తీసేశాను. మిగతాది తీయాలంటే డెక్ కోయాలి, అంత అవసరం లేదనిపించింది. వారం రోజులు మూతలు తీసి నీడలో ఉంచాం. మొదటి పది రోజులు పాత వాసన లీలగా వస్తుందని ముందే చెప్పి పెట్టాను, లేకపోతే మళ్లీ పొద్దున ఏడింటికి ఫోన్ వస్తుంది.

పాత హోసుని పారెయ్యలేదు. నాకొక ఉబలాటం. రెండు చివరలా బిరడాలు కొట్టి, లోపల పెట్రోలు నింపి, కాటాలో తూచి, ఊరి బయట చెట్టుకి ఇనప తీగతో వేలాడదీశాను. ఒక రోజు తర్వాత మళ్లీ తూస్తే 74 గ్రాములు తగ్గింది. కొత్త హోసు అదే పొడవుకి రోజుకి రెండు గ్రాముల చిల్లర కంటే ఎక్కువ వదలకూడదు. 74 గ్రాములంటే దాదాపు 100 మిల్లీలీటర్లు, రెండు టీ గ్లాసులు. నిండా పోసి మూతలు వేసి టార్పాలిన్ కప్పిన ప్రతి శనివారం రాత్రీ ఆ లెక్కనే డెక్ కింద చేరుతూ వచ్చింది.

జూన్‌లో మూడు శనివారాలు స్టిక్కరు దాకా నింపారు. ఆదివారం పొద్దున బయల్దేరే ముందు సరంగు మూతలు తెరవడం, నేను ఇచ్చిన మీటరు వెనక గూట్లో పెట్టడం, అంకె నోటుపుస్తకంలో లీటర్ల పక్కన రాయడం. మూడుసార్లూ సున్నా రాశాడు. మూడో ఆదివారం నేనూ వెళ్లాను. భవానీ ద్వీపం చుట్టూ ఒక రౌండు తిప్పి తెచ్చారు, అమ్మాయి స్టీరింగ్ పక్కనే కూర్చుంది.

ఒడ్డుకి వచ్చాక పాత హోసు ముక్క ఆయన చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చి చూశారు.

“ఇదేనా? ఏం వాసన రావట్లేదే.”

అమ్మాయి లేచి అవతలి వైపుకి వెళ్లి నిలబడింది.